అక్క ఉందిగా

పుణె,
2025 జూన్ 8.

అత్తా,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరాన్ని హాల్లో కూర్చుని చదవకు. పెరట్లోకి తీసుకెళ్ళు. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో, మనింట్లో ఫోన్ మాట్లాడటమంటే ఊరేగింపు. నీ ఫోన్ మోగగానే నాన్న స్పీకర్ నొక్కుతాడు. అడిగినదానికి అమ్మ వంటింట్లోంచి జవాబు చెబుతుంది. గోడ అవతల నుంచి సాలేహా ఆంటీ నా జలుబు తగ్గిందా అంటుంది. నువ్వు మాత్రం ఆఁ, ఊఁ తప్ప ఏమీ అనవు. అందుకే పోస్టాఫీసుకు వెళ్ళాను. స్టాంపు అడిగితే కౌంటర్లో ఆయన నన్ను పురావస్తు శాఖ మనిషిని చూసినట్టు చూశాడు.

నేనిక్కడ ఏం ఉద్యోగం చేస్తున్నానో మీకెవరికీ చెప్పలేకపోయాను. నాన్న అందరితో "పుణెలో కంప్యూటర్" అంటున్నాడట. అది కాదు. కుటుంబం కోసం ఎంత చెయ్యాలని మనుషులు అనుకుంటారు, కుటుంబం తమకు ఎంత చెయ్యాలని ఆశిస్తారు, ఈ రెండిటినీ దేశదేశాల్లో కొలుస్తున్నాం. బెల్జియం నుంచి హెండ్రిక్ అని ఒక ప్రొఫెసర్ వచ్చి మా చేత చేయిస్తున్నాడు. డచ్, టర్కీ, వియత్నాం భాషల్లో అయిపోయింది. తెలుగు నా నెత్తిన పడింది.

ఫారాలు జతచేశాను. ఒక్కో వాక్యం చదివి, అస్సలు ఒప్పుకోకపోతే ఒకటి, పూర్తిగా ఒప్పుకుంటే ఐదు, మధ్యలో ఉంటే మధ్యలోది చుట్టాలి. నువ్వొకటి నింపి, మన వీధిలో కొన్ని ఇళ్ళలో నింపించి పంపు. నువ్వున్నావన్న ధైర్యంతో ప్రొఫెసర్‌కి ముందే మాటిచ్చేశాను.

ఆయన గురించి ఒక్క ముక్క చెప్పి ఆపేస్తాను. బెల్జియంలో వాళ్ళమ్మ పక్క వీధిలోనే ఉంటుందట. ఈ ఆదివారం రావచ్చా అని ఫోన్ చేసి అడిగి మరీ వెళ్తాడట. నవ్వుకో.

నీ మేనకోడలు,
సింధూరి


భవానీపురం,
జూన్ 21.

చి. సింధూరికి మీ అత్త ఆశీస్సులు. ఇక్కడందరం క్షేమమని రాయాలి గానీ మీ నాన్న మోకాలు, మీ అమ్మ స్కూలు, నా బీపీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

నీ ఉత్తరం పెరట్లోనే చదివాను. చదివి లోపలికి రాగానే మీ నాన్న, సింధు ఏం రాసిందక్కా అన్నాడు. కవరు మీద నీ రాత చూశాట్ట. ఫారాలు చూపించక తప్పలేదు.

ఇంతకీ ఈ తెలుగు ఎవరు రాశారే? "కుటుంబ సభ్యులకు మద్దతు ఇవ్వాలి" ఏమిటి? మద్దతు ఎమ్మెల్యేలు ఇస్తారు. మనం చేస్తాం, పెడతాం, చూసుకుంటాం. "బలంగా ఏకీభవిస్తున్నాను" అని మనూళ్ళో ఎవరైనా అనగా విన్నావా? నచ్చితే తల ఊపుతారు, నచ్చకపోయినా తలే ఊపుతారు. అమ్మను చూడటానికి అనుమతి అడిగే మనిషి వచ్చి మన బాధ్యతలు కొలవడమేమిటో ఆ దేవుడికే తెలియాలి.

సరే, పని చెప్పావు కాబట్టి చేశాను. ఒక్కో ఇంటికీ వెళ్ళి ఫారం ఇచ్చి, రేపు వస్తానని చెప్పాను. మర్నాడు చూద్దును గదా, ఎవరి ఫారం వాళ్ళు నింపిన ఇల్లు ఒక్కటీ లేదు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని, కాఫీలు పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఒకరు చుట్టారు. సాలేహా వాళ్ళాయన అబ్దుల్ రవూఫ్ గారు ఇది ఏ పథకానికి, ఆధార్ జిరాక్స్ జతచెయ్యాలా అని అడిగారు. మూలింటి మాస్టారు ఐదు చుడితే ఐదు మార్కులు వస్తాయని అందరికీ చెప్పాడు. ఇక చూసుకో, వీధంతా నూటికి నూరు.

ఒక్క అమలమ్మ గారింట్లో గొడవైంది. "పెళ్ళయ్యాక కూడా తల్లిదండ్రులతోనే ఉండాలి" అన్నదానికి వాళ్ళబ్బాయి ఫిలిప్ మూడు చుట్టాడు. ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు. మీ నాన్న వెళ్ళి ఇద్దరికీ నచ్చజెప్పి, ఆ మూడుని నాలుగు చేయించి వచ్చాడు. ఆ దిద్దుబాటు అతనిది కాదు, మీ నాన్నది. మీ ప్రొఫెసర్‌కి చెప్పు.

నా సంగతి అడగలేదు గానీ రాస్తున్నాను. మీ బామ్మ పోయాక నాకు పొద్దుపోవడం లేదు. అన్నేళ్ళు ఒక మనిషిని లేపి, కూర్చోబెట్టి, తినిపించిన చేతులు ఇవి. ఊరికే ఉండమంటే ఉండవు. మనసులో ఒక ఆలోచన ఉంది. అది కుదిరాక రాస్తాను. అందాకా ఎవరి దగ్గరా నోరు జారకు.

మీ అత్త,
శివపార్వతి


పుణె,
జూలై 6.

బంగారు అత్తా,

నువ్వు మన వీధికి ఏం చేశావో నీకు తెలియదు. భవానీపురం వియత్నాంని దాటేసింది! హెండ్రిక్ గారు మా మీటింగులో గీతల బొమ్మ వేసి చూపించారు. బెల్జియం కింద ఎక్కడో నేల మీద ఉంది. పైన కప్పుకు ఆనుకుని మనం. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

ఆ తర్వాత ఒక ఫారం తెరమీద వేశారు. పేరు లేదు గానీ మూలన పసుపు మరక చూసి గుర్తుపట్టాను, అది నీదే. అన్నిటికీ ఐదు. "ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకోవడం పెద్దల బాధ్యత": ఐదు. "నా సౌకర్యం కంటే కుటుంబం అవసరం ముఖ్యం": ఐదు. ఒక్కదానికైనా నాలుగు లేదు. అత్తా, నాకు ఏడుపొచ్చింది. పెళ్ళయిన ఏడాదికి మామయ్య దేవుణ్ణి వెతుక్కుంటూ రుషీకేశ్ వెళ్ళిపోయాడు. నువ్వు పుట్టింటికొచ్చి, బామ్మని చూశావు, మమ్మల్ని పెంచావు. అయినా నీ మనసులో కాస్తయినా విసుగు లేదు.

చేతులు ఊరికే ఉండటం లేదని రాశావు చూడు, ఆ మాట నాకు అర్థమైంది. నువ్వు నోరు తెరిచి అడగవు, నాకు తెలుసు. అన్నయ్య వాళ్ళ బాబుకి ఐదో నెల రాగానే వదిన ఆఫీసుకు వెళ్ళాలి కదా. వాళ్ళమ్మకి తుంటి ఆపరేషన్ అయింది, పిల్లాణ్ణి ఎత్తలేదు. నిన్ను అడగడానికి వాళ్ళిద్దరూ మొహమాటపడుతున్నారు. నేనే సిద్ధూ అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పేశాను. ఒరే అన్నయ్యా, అత్త ఐదు చుట్టిందిరా, నువ్వు మొహమాటపడక్కర్లేదు అన్నాను.

త్వరలో నీకొక మంచి కబురు వస్తుంది. రాగానే నన్ను తల్చుకో.

నీ
సింధు


భవానీపురం,
ఆగస్టు 2.

సింధూరికి,

నీ మంచి కబురు వచ్చింది. తల్చుకున్నాను కూడా. ఏమని తల్చుకున్నానో కాగితం మీద పెట్టడం బాగుండదు.

సిద్ధార్థ నా ఫోన్‌కి రైలు టికెట్ పంపాడు. సెప్టెంబరు ఇరవై, పొద్దుటి బండి, హైదరాబాదుకి. తిరుగు టికెట్ లేదు. మీ నాన్న దాన్ని పెద్దగా చదివి, కిటికీ పక్క సీటక్కా అని సంబరపడ్డాడు. పిల్లాణ్ణి ఎవరు చూస్తారోనని వాళ్ళు కంగారు పడ్డారట. అక్క ఉందిగా అని తనే ధైర్యం చెప్పాట్ట.

ఈ అక్క ఉందిగా అన్న మాట నీకు కొత్త కాదు గానీ ఒకసారి నా చెవులతో విను. మా అమ్మ బాత్రూంలో పడ్డప్పుడు అక్క ఉందిగా. మీ అమ్మ బీఈడీకి వెళ్ళినప్పుడు అక్క ఉందిగా. నీకు ఆటలమ్మ పోసినప్పుడు, సిద్ధూ ఇంటర్ పరీక్షలప్పుడు, పై వాటాకి సున్నం వేయించినప్పుడు, గ్యాస్ బండ వచ్చేటప్పుడు. ఇది విని విని, బ్యాంకులో శివపార్వతి గారూ అని పిలిస్తే ఎవరో అనుకుని కూర్చుండిపోయాను మొన్న.

ఇక నీ ఐదుల సంగతి. ఆ ఫారం నేను నింపలేదు. నేను పప్పుకి తాలింపు వేస్తుంటే మీ నాన్న బల్ల దగ్గర కూర్చుని చదువుతూ, అక్కకి ఐదే, అక్కకి ఐదే అంటూ చుట్టేశాడు. మధ్యలో తనకి ఫోనొస్తే మీ అమ్మ కొన్ని చుట్టింది. నేను చెయ్యి తుడుచుకుని వచ్చేసరికి అయిపోయింది. పసుపు మరకొక్కటే నాది. దాన్ని చూసి నీకు ఏడుపొచ్చిందా? వీధిలో అందరూ కలిసి నింపారని నేను రాస్తే మనిల్లు వేరే వీధిలో ఉందనుకున్నావా? విసుగు లేదట! సున్నాకి గడి పెట్టావా నువ్వసలు?

నా ఆలోచన చెబుతాను విను. సాలేహా వాళ్ళ ఇంటి ముందు గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అతను ఖాళీ చేశాడు. అందులో మేమిద్దరం కర్రీ పాయింట్ పెడుతున్నాం. పప్పులు, వేపుళ్ళు, పులుసులు నావి. చికెన్, ఖీమా ఆవిడవి. అన్నం అందరూ వండుకుంటున్నారు, కూర దగ్గరికి వచ్చేసరికే ఓపిక ఉండటం లేదు. గిన్నెలు కొన్నాం. నవరాత్రులు మొదలయ్యే రోజు షట్టర్ తీద్దామనుకున్నాం. అమ్మవారి కొండకొచ్చే జనం, దీక్షలో ఉన్న భవానీలు, డ్యూటీ పోలీసులు అందరూ మన రోడ్డు మీంచే కదా వెళ్ళేది. ఆ పది రోజుల్లో పేరొస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

ఈ వయసులో ఎందుకంటావేమో. నా వంట బాగాలేదని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. బాగుందనీ అనలేదు. కంచంలో పడితే తిన్నారు. నేను వండింది కావాలని ఎవరైనా చెప్పులేసుకుని ఇల్లు దాటి రావాలి. అది నాకు చూడాలని ఉంది. అంతే.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో చూస్తున్నాను. నువ్వు మాత్రం ఈసారి దయచేసి సాయం చెయ్యకు.

శివపార్వతి


పుణె,
ఆగస్టు 10.

అత్తా,

ముఖం చూపించలేక ఉత్తరం రాస్తున్నాను. అంతా నావల్లే.

హెండ్రిక్ గారికి జరిగింది చెప్పాను. ఫారాన్ని ఇంటిల్లిపాదీ కలిసి నింపారని చెబితే, అన్ని ఇళ్ళలోనా అని రెండుసార్లు అడిగారు. తర్వాత గీతల బొమ్మలోంచి భవానీపురాన్ని తీసేశారు. వియత్నాం మళ్ళీ మొదటికొచ్చింది.

కర్రీ పాయింట్ మాట వినగానే ఎగిరి గంతేశాను. నువ్వు హైదరాబాదు వెళ్ళకూడదు, వెళ్ళనివ్వను. సాయం చెయ్యొద్దని రాశావు, తెలుసు. కానీ ఇంత జరిగాక నేను చేతులు కట్టుకుని కూర్చోవడం న్యాయం కాదు. నువ్వు ఎలా చెప్పాలా అని నలుగుతూ ఉంటే ఈలోగా తేదీ వచ్చేస్తుంది. నాన్నతో నేను మాట్లాడతాను. నా మాటంటే నాన్నకి గురి. ఈ ఉత్తరం నీకు అందే లోపలే విషయం తేలిపోతుంది. నువ్వు బెంగపెట్టుకోకు.

సింధు


భవానీపురం,
ఆగస్టు 24.

సింధూ,

విషయం తేలింది. ఎలా తేలిందో రాస్తాను.

నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ నాన్న అలవాటుగా స్పీకర్ నొక్కాడు. అత్త కర్రీ పాయింట్ పెట్టుకుంటుంది నాన్నా, ఆవిణ్ణి వదిలెయ్యండి అని నువ్వన్న ముక్క హాల్లో నాకూ వినపడింది, వంటింట్లో మీ అమ్మకీ, గోడ అవతల రవూఫ్ గారికీ వినపడింది. ఆయనకి కూడా ఈ సంగతి అప్పుడే తెలిసింది. సాలేహా ఇంకా చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక మీ నాన్న అన్నది ఒక్కటే మాట. "అక్కకి నేను అన్నం పెట్టలేకపోతున్నానని ఊరంతా అనుకోవాలా?" ఆ అన్నం ఎవరు వండుతున్నారన్న సంగతి నేను ఎత్తలేదు. అప్పుడే కుక్కర్ కూత వేసింది, వెళ్ళి దించాను.

నాతో మాట్లాడటం మానేశాడు. ఉప్పు కావాలంటే మీ అమ్మని అడుగుతున్నాడు, ఆవిడ నన్ను అడుగుతోంది. మీ అమ్మకీ బాధే. వదినా, నాకు రిటైర్మెంటు దగ్గరికొచ్చింది, ఇప్పుడు సెలవు పెడితే కుదరదు, లేకపోతే నేనే వెళ్ళేదాన్ని అంది. అబద్ధం చెప్పే మనిషి కాదు. నిన్న మీ వదిన కీర్తన ఫోన్ చేసింది. మీరు రాకపోతే ఉద్యోగం మానేస్తానత్తయ్యా, అంతకంటే ఏముంది అని ఏడ్చింది. ఆ పిల్లని ఏమనను? వీడియోలో పిల్లాణ్ణి చూపించింది. వాడి చెవులు అచ్చం మా అమ్మవి. సింధూ, నేను రాతిమనిషిని కాదు. వాణ్ణి ఎత్తుకోవాలని నాకు మాత్రం ఉండదూ?

అందుకని బ్యాగు కిందికి దించి రెండు చీరలు పెట్టాను. సాలేహాకి చెప్పాను. ఆవిడ పండగ వెళ్ళాక చూద్దాంలే అక్కా అని కొత్త గిన్నెల మీద పాత పేపర్లు కప్పింది. పండగ వెళ్ళాక ఆ రోడ్డు మీద ఎవరుంటారో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ గదికి అప్పుడే ఎవరో స్టేషనరీ షాపువాళ్ళు వచ్చి అడిగి వెళ్ళారట.

నీ మీద కోపం లేదు. ఉంది గానీ అన్నం దగ్గర తగ్గిపోతుంది. ఈ ఇంట్లో అందరికీ నేనంటే ప్రేమే. నా తరఫున అన్నీ వాళ్ళే చుట్టేస్తారు, అదొక్కటే కష్టం.

మీ అత్త


పుణె,
సెప్టెంబరు 3.

అత్తా,

ఈసారి నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, చెయ్యను. నీ తరఫున ఏమీ నిర్ణయించను. క్షమించమని అడగడం కూడా నిన్ను ఇంకో పని చెయ్యమనడమే అవుతుందేమోనని ఊరుకుంటున్నాను.

పని సంగతి కొంచెం రాస్తాను. తెలుగు ఫారం మళ్ళీ రాస్తున్నాం. నువ్వు తిట్టిన మద్దతులన్నీ పీకేశాను. అన్ని వాక్యాలూ బాగానే ఉన్నాయి గానీ ఏదో అడగడం మర్చిపోయామని నాకు అనిపిస్తోంది. అదేమిటో తెలియడం లేదు.

నిన్న టీ తాగుతూ హెండ్రిక్ గారిని అడిగాను, మీ అమ్మని చూడటానికి ముందుగా అడగడమేమిటండీ, మా అత్త నవ్వింది అని. ఆయనకూ నవ్వొచ్చింది. అడిగితే వాళ్ళమ్మ ఒక్కోసారి, ఈ ఆదివారం వద్దురా, నాకు పేకాట ఉంది అంటుందట. ఆయన సరేనని పై ఆదివారం వెళ్తారట. బాధనిపించదా అన్నాను. ఎందుకు, రమ్మన్న రోజున నిజంగా రమ్మన్నట్టే కదా అన్నారు.

ఇది నీకు ఎందుకు రాస్తున్నానో నాకూ తెలియదు. ఆయన్ని చూసి మనిద్దరం నవ్వాం కదా, మిగతాది కూడా చెప్పాలనిపించింది.

సింధు


భవానీపురం,
సెప్టెంబరు 21, మధ్యాహ్నం.

చి. సింధూరికి,

ఇది పెరట్లోంచి కాదు, సాలేహా వాళ్ళ ముందు గదిలోంచి రాస్తున్నాను. ఒక పక్క ఉల్లిపాయల బస్తా, ఒక పక్క కందిపప్పు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో నేను. కంగారుపడకు, మొత్తం రాస్తాను.

ఆ బెల్జియం ముసలావిడ నా బుర్రలోంచి పోలేదు. కన్నకొడుకు వస్తానంటే పేకాట ఉంది, రావద్దు అందట! ఎంత పొగరు అనుకున్నాను. మర్నాడు వంకాయలు తరుగుతూ ఇంకోటి అనుకున్నాను. ఆవిడకి వద్దనే వీలుంది. ఎందుకుంది? ఆ కొడుకు అడుగుతున్నాడు గనక. మనింట్లో నన్ను పనికి బలవంతపెట్టినవాళ్ళు లేరు. అడిగినవాళ్ళూ లేరు. అడగనిదానికి ఏమని జవాబు చెబుతాం?

అక్కడితో ఆగితే బాగుండేది, ఇంకో సంగతి కూడా తట్టింది. మరి నేను ఎవరినైనా అడిగానా అని.

మొన్న ఆదివారం మీ నాన్న పేపరు చదువుతుంటే ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. "ప్రసాదూ, హైదరాబాదు నువ్వు వెళ్ళగలవా? వెళ్ళలేకపోతే లేనని చెప్పు, నేనేమీ అనుకోను" అన్నాను.

పేపరు దించాడు. నేనా అన్నాడు. ఆ తర్వాత ఏమన్నాడో తెలుసా? "నన్నెవరూ రమ్మనలేదుగా అక్కా" అన్నాడు.

సింధూ, మీ నాన్న రిటైరై ఏడాది దాటింది. పొద్దున్నే తయారై, ఇన్నేళ్ళూ డ్యూటీకెక్కిన ఇబ్రహీంపట్నం బస్సు వెళ్ళే వేళకి గేటు దగ్గర నిలబడి, బస్సు వెళ్ళిపోయాక లోపలికొస్తాడు. మనవడి ఫోటో ఫోన్ తెరమీద పెట్టుకున్నాడు. పిల్లాణ్ణి చూసుకోవడానికి తాత పనికొస్తాడని సిద్ధూకి తట్టలేదు, కీర్తనకి తట్టలేదు, నాకూ తట్టలేదు. నేనున్నాను కదా అందరికీ. అక్క ఉంది గనక వాణ్ణి ఎవరూ దేనికీ పిలవలేదు ఇన్నాళ్ళూ. వాడు నా ఫారం నింపాడని నీకు అంత ఘాటుగా రాశాను, వాడి ఫారం ఎవరు నింపారో నేను చూడలేదు.

మీ అమ్మ మాత్రం వదల్లేదు. న్యాపీ మార్చడం వచ్చా అని నిలదీసింది. థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ దగ్గర పనిచేసినవాణ్ణి, వీడొక లెక్కా అన్నాడు. బాయిలర్ అర్ధరాత్రి లేచి ఏడవదు అంది ఆవిడ. ఉగ్గు కలపడం నేను నేర్పాను. మొదటి రోజు కలిపింది గోడకి సున్నం వెయ్యడానికి సరిగ్గా సరిపోయేది. మూడో రోజుకి దారిలో పడ్డాడు. సిద్ధూ మొదట నమ్మలేదు, తర్వాత ఫోన్లో చాలాసేపు ముక్కు ఎగబీల్చాడు. నాన్నా, నువ్వొస్తావని అనుకోలేదు అన్నాడు. స్పీకర్లోనే.

ఇక టికెట్. నా పేరు మీదుంది కదా, దండగేనా అనుకుంటే, రైల్వేవాళ్ళు సొంత కుటుంబంలో ఒకరి టికెట్ ఇంకొకరికి రాసిస్తారని రవూఫ్ గారు చెప్పారు. తోబుట్టువులకైతే కుదురుతుందట. మేనల్లుడూ మేనకోడలూ ఆ లెక్కలోకి రారు. చూశావా, నువ్వు పుణెలో కూర్చుని కొలుస్తున్నావు గానీ రైల్వేవాళ్ళు ఎప్పుడో కొలిచి గోడకి అంటించారు. వాళ్ళ లెక్కలో నువ్వు నాకేమీ కావు. ఏడవకు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు మీ నాన్నా నేనూ ఆధార్ కార్డులు, పాత రేషన్ కార్డు పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాం. కౌంటర్లో ఎవరో అమ్మాయి, నీ వయసే ఉంటుంది. కాగితాలన్నీ చూసింది. మీ నాన్నని ఎగాదిగా చూసింది. ముసలావిడ టికెట్ లాక్కుంటున్నాడనుకుందో ఏమో. నా వైపు తిరిగి, "అమ్మా, మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?" అంది.

కష్టమైన ప్రశ్న కాదు. కానీ అలాంటిది నన్నెవరూ అడగలేదే, అలవాటు లేదు. వెనక లైన్లో జనం గొణుగుతున్నారు. నేను తేల్చకపోయేసరికి మీ నాన్న ఎప్పట్లాగే ముందుకు వంగి, అక్కకి ఇష్టమేనండీ అనబోయాడు.

ఆ అమ్మాయి తలెత్తలేదు. "మిమ్మల్ని కాదండీ, ఆవిణ్ణి అడుగుతున్నాను" అంది.

మీ నాన్న నోరు మూసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను కౌంటర్ అద్దం దగ్గరికి జరిగి, నా ఇష్టంతోనేనమ్మా అన్నాను. ఎంత గట్టిగా అన్నానో గానీ పక్క కౌంటర్ వాళ్ళు కూడా తిరిగి చూశారు. సంతకం పెట్టమంది. శివపార్వతి అని పూర్తిగా రాశాను. బయటికొచ్చాక మీ నాన్న చెరుకురసం ఇప్పించాడు. బండెక్కేదాకా అక్క ఉందిగా అనలేదు. నిన్న పొద్దున కిటికీలోంచి మాత్రం, అక్కా, ఉగ్గులో వాము వెయ్యాలా వద్దా అని అరిచాడు. వద్దని అరిచాను.

నీ ఫారంలో ఏదో మర్చిపోయామన్నావు. ఆ రైల్వే అమ్మాయి అడిగినది రాసుకో. మన వీధిలో మళ్ళీ నింపించాలంటే నింపిస్తాను గానీ, అడిగి చెప్పు, నాకు తీరికుండాలి.

రేపే షట్టర్ తీయడం. అక్క కర్రీస్ అని బోర్డు రాయిద్దామంది సాలేహా. ఒప్పుకోలేదు. శివపార్వతి, సాలేహా కర్రీ పాయింట్ అని రాయించాం. అక్షరాలు పట్టక సాలేహా పేరు చివర కొంచెం ఇరుకైంది. మీ అమ్మ మొదటి గిరాకీ తనే అవుతానంది. వదినా, మనింట్లోదేగా అని గిన్నె చాపితే ఇవ్వనని చెప్పాను. పర్సు తెచ్చుకుంటుందట.

పండక్కి రాగలవా? రాలేకపోతే రాలేనని రాయి, ఏమీ అనుకోను. వస్తే మాత్రం లైన్లో నిలబడాలి.

శివపార్వతి